గడ్డిచేప గుడ్లు తెల్లబడుతుంటే డోసు పెంచకండి

ప్రశ్న: మా హేచరీలో గడ్డిచేప గుడ్లు నీళ్లలో బాగానే ఉబ్బుతున్నాయి. ఐదారు గంటలకల్లా చాలావరకు తెల్లబడిపోతున్నాయి. గుడ్లు విడుదలయ్యేందుకు తల్లి చేపకు ఇచ్చే హార్మోను ఇంజెక్షన్ చాలడం లేదేమోనని డోసు పెంచాం. షాపువాళ్లు గుడ్డును ఉత్తేజపరిచే పొడి ఇచ్చారు. అది కలిపిన నీళ్లలోకే తల్లి చేప పొట్ట నొక్కి గుడ్లు పిండి, తర్వాత మగచేప వీర్యం కలుపుతున్నాం. ఏం చేయాలి?
– ఒక రైతు, ఆకివీడు

జవాబు: లోపం ఇంజెక్షన్‌లో లేదు, మీరు పిండే పద్ధతిలో ఉంది. గుడ్లు సులువుగా జారుతున్నాయంటే హార్మోను పని అయిపోయినట్టే. విడుదలైన గుడ్డు క్షయకరణ విభజన (క్రోమోజోముల సంఖ్య సగమయ్యే కణ విభజన) రెండో దశ మధ్యలో ఆగి ఉంటుంది. నీరు తగలగానే లోపల కాల్షియం పెరుగుతుంది, ఆగిన విభజన కదులుతుంది, పైపొర ఉబ్బుతుంది. వీర్యం లేకపోయినా ఇదంతా జరుగుతుంది. కాబట్టి ఉబ్బినంత మాత్రాన గుడ్డు ఫలదీకరణ చెందిందని అనుకోవద్దు. వీర్యకణం లోపలికి పోవడానికి గుడ్డుకు ఉన్నది ఒకే ఒక్క సన్నని రంధ్రం. నీరు తగిలాక కొద్దిసేపటికే అది మూసుకుపోతుంది. మీరు ముందే నీళ్లలో పిండి ఆ తలుపు మూసేస్తున్నారు, అందుకే గుడ్లు ఫలదీకరణ చెందక తెల్లబడుతున్నాయి. నీళ్లలో పడ్డ వీర్యకణాల చురుకు కూడా నిమిషానికి మించి నిలవదు.

ఆ పొడి ఈ రోజే మానండి. ఉత్తేజానికి మంచినీరు చాలు. మీకు అమ్మినది ఉప్పు, యూరియా మిశ్రమమైతే, అది గుడ్లు అంటుకునే బంగారుతీగకు వాడేది. గడ్డిచేప గుడ్లు అంటుకోవు, దీనికి అక్కర్లేదు. సీసా మీద ఏముందో చదవకుండా షాపువాళ్ల మాట మీద తల్లి చేపలతో ప్రయోగాలు చేయకండి.

తల్లి చేపకు ఓవాప్రిమ్ లాంటి హార్మోను మందు కిలో బరువుకు 0.4 నుంచి 0.8 మి.లీ., మగచేపకు 0.1 నుంచి 0.3 మి.లీ. దాటొద్దు. పొట్ట మెత్తబడని చేపకు ఎంత ఎక్కించినా గుడ్డు పండదు, చేప దెబ్బతింటుంది.

చేప పొట్టను, తోకను పొడి తువ్వాలుతో తుడవండి. చేతులూ, పళ్లెమూ పొడిగా ఉండాలి. వానలో ఆరుబయట పిండొద్దు. గుడ్లు పిండిన వెంటనే వాటి మీదే వీర్యం పిండి, కోడి ఈకతో ఒకటి రెండు నిమిషాలు కలిపి, అప్పుడు మాత్రమే కొంచెం నీరు పోయండి. మరి కాసేపు కలిపి, నాలుగైదు సార్లు కడిగి హేచరీ తొట్టిలో వదలండి. చేప గుడ్లు జార్చడం మొదలుపెట్టాక ఆలస్యం చేయొద్దు, పొట్టలోనే ముదిరిపోతాయి. అవీ ఉబ్బుతాయి, అవీ తెల్లబడతాయి.

ఈసారి ఐదారు గంటలకు ఒక గాజు పళ్లెంలోకి వంద గుడ్లు తీసి, పారదర్శకంగా ఉండి లోపల పిండం కనిపించేవి లెక్కపెట్టి రాయండి. ఆ సంఖ్య, నీటి ఉష్ణోగ్రత, ఇంజెక్షన్ చేసిన వేళ, పిండిన వేళ నాకు పంపండి.