కాలువ కాలేకపోయిన నది: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోయిన సంచికలో పనామా కాలువ గురించి రాస్తూ, దానికి పోటీగా నిలిచిన నికరాగ్వా దారిని రెండు వాక్యాల్లో దాటేశాం. ఉత్తరాలన్నీ ఆ రెండు వాక్యాల మీదే వచ్చాయి. వాటిలో కొన్నింటికి ఇక్కడ జవాబు ఇస్తున్నాం. పటం ముందు పెట్టుకుని చదివేవాళ్లు పేర్ల దగ్గర కాస్త జాగ్రత్తగా ఉండాలి. శాన్ కార్లోస్ ఊరు నికరాగ్వా సరస్సు ఒడ్డున, ఆ దారిలోని శాన్ హువాన్ నది మొదలయ్యే చోట ఉంది. శాన్ కార్లోస్ నది అక్కడ లేదు. అది కోస్టారికా కొండల్లో పుట్టి చాలా దిగువన వచ్చి కలుస్తుంది. శాన్ హువాన్ పేరుతో కూడా రెండు రేవులున్నాయి. 'దెల్ సుర్' పసిఫిక్ వైపు, 'దెల్ నోర్తె' కరీబియన్ వైపు. ఈ రెండోదాన్నే ఇంగ్లిష్‌వాళ్లు గ్రేటౌన్ అన్నారు. ఇప్పటి పేరు శాన్ హువాన్ దె నికరాగ్వా.

పటంలో చూస్తే నికరాగ్వా సరస్సుకూ పసిఫిక్‌కూ మధ్య సన్నటి నేల పట్టీ మాత్రమే ఉంది. సరస్సులోంచి నది నేరుగా కరీబియన్‌లోకి పోతోంది. ముక్కాలు వంతు కాలువ దానంతట అదే ఉన్నట్టే కదా! అమెరికా పనామాకు ఎందుకు పోయింది? (డిగ్రీ విద్యార్థిని, శ్రీకాళహస్తి)

మీకొచ్చిన ఆలోచనే 1901 దాకా అమెరికా ఇంజనీర్లదీ. పటం చెప్పేది అబద్ధం కాదు. పసిఫిక్ వైపు నేల పట్టీ దాదాపు 20 కిలోమీటర్లే. ఎనిమిది వేల చదరపు కిలోమీటర్లకు పైబడిన సరస్సు సముద్రమట్టానికి సుమారు 32 మీటర్ల ఎత్తున ఉంది. లాకులు, అంటే ఓడల్ని ఎత్తి దించే నీటి గదులు, నింపడానికి కావలసిన నీళ్లన్నీ అక్కడే ఉన్నాయి. చిక్కంతా నదితోనే.

శాన్ హువాన్ పొడవు 205 కిలోమీటర్లు. 32 మీటర్ల వాలును అంత దూరానికి పంచితే కిలోమీటరుకు 16 సెంటీమీటర్లు కూడా రాదు. ఓడకు అంతకంటే మేలైన వాలు ఉండదు. కానీ నది ఆ వాలును సమంగా పంచుకోలేదు. పై భాగంలో చాలా దూరం నిలవ నీళ్లలా కదులుతుంది, తర్వాత తోరో, ఎల్ కాస్తీయో, మచూకా లాంటి చోట్ల రాతి మెట్ల మీదుగా ఒక్కసారిగా దిగుతుంది. 1851లో అమెరికన్ వ్యాపారి వాండర్‌బిల్ట్ కంపెనీ కాలిఫోర్నియా బంగారం కోసం పోయేవాళ్లను ఈ దారిలో తీసుకెళ్లడం మొదలుపెట్టింది. లోతు తక్కువ నీళ్లలో తేలే చిన్న స్టీమర్లను దించినా ఎల్ కాస్తీయో రాళ్లు దాటడం వాటి వల్ల కాలేదు. ప్రయాణికులు అక్కడ దిగి, రాళ్ల పక్కన నడిచి, పైన ఆగి ఉన్న ఇంకో పడవ ఎక్కేవాళ్లు. ఆపైన సరస్సు మీద పెద్ద స్టీమర్, చివర పసిఫిక్ రేవు దాకా గుర్రబ్బండ్లు, కంచర గాడిదలు. మనుషుల్ని దించి ఎక్కించవచ్చు, సముద్రపు ఓడను అలా చేయలేం. కాలువ కావాలంటే నదికి అడ్డంగా పెద్ద ఆనకట్ట కట్టి ఆ రాళ్లన్నింటినీ ముంచాలి. అదీ ఇసుక మోసుకొచ్చే శాన్ కార్లోస్ ఉపనది కలవక ముందే కట్టాలి.

ఇక లెక్కలు. అమెరికా కమిషన్ 1901లో వేసిన అంచనా ప్రకారం నికరాగ్వా కాలువకు దాదాపు 18.99 కోట్ల డాలర్లు అవుతుంది. పనామాలో మిగిలిన పనికి 14.42 కోట్లు చాలు. అయితే అక్కడ సగంలో ఆపేసిన ఫ్రెంచి కంపెనీ తన ఆస్తులకు 10.9 కోట్లు అడిగింది. రెండూ కలిపితే పాతిక కోట్లు దాటుతుంది కాబట్టి కమిషన్ నికరాగ్వాకే ఓటేసింది. 1902 జనవరిలో ఫ్రెంచి కంపెనీ ధరను 4 కోట్లకు దించేసరికి పనామా మొత్తం 18.42 కోట్లకు వచ్చి, లెక్క తిరగబడింది. పొడవు సంగతి చూసినా నికరాగ్వా దారి 183 మైళ్లు, పనామా 49. ఒకటి దాటడానికి 33 గంటలు పడుతుందని, రెండోదానికి 12 చాలని అంచనా.

నికరాగ్వా స్టాంపు మీద పొగ కక్కుతున్న మొమొతొంబో అగ్నిపర్వతం బొమ్మ ఉండటం, అక్కడ అగ్నిపర్వతాల భయం ఉందని చూపడానికి ఫ్రెంచి కంపెనీ తరఫు బ్యునో-వరియా ఆ స్టాంపుల్ని సెనేటర్లకు పంచడం బాగా ప్రచారంలో ఉన్న ముచ్చట. నిజంగా జరిగిందే. ఆ మే నెలలోనే మార్టినిక్ దీవిలో పెలే పర్వతం పేలి దాదాపు 30 వేల మంది చనిపోయి ఉన్నారు కాబట్టి స్టాంపు బాగానే పనిచేసి ఉంటుంది. అయినా జూన్‌లో సెనేట్ 42–34తో మొగ్గింది స్టాంపు చూసి కాదు, పైన చెప్పిన ధర చూసి అన్నది మా అభిప్రాయం.

మా పులికాట్‌కు ముఖద్వారం పూడిపోతే చేపా ఉండదు, పడవా కదలదు. గ్రేటౌన్ రేవు కూడా ఇసుకతోనే పోయిందని రాశారు. అంత పెద్ద నది తోస్తుంటే ఇసుక ఎట్లా నిలుస్తుంది? (తడ)

రోగం మీకు తెలిసిందే. తోసే నీళ్లు తగ్గితే ముఖద్వారం దగ్గర అలలదే పైచేయి అవుతుంది. పులికాట్‌కు వాగుల నీళ్లు చాలవు. శాన్ హువాన్‌కు నీళ్లకు కొరత లేదు, అవి దారి మార్చుకున్నాయి.

సరస్సు మట్టిని తనలోనే దింపేసుకుంటుంది కాబట్టి నది మొదట్లో నీళ్లు తేటగా ఉంటాయి. దిగువన కోస్టారికా వైపు నుంచి శాన్ కార్లోస్, సరాపికీ నదులు కలిశాక అంతా మారుతుంది. అవి అగ్నిపర్వతాల వాలుల మీద నుంచి బూడిద, నల్ల ఇసుక దింపుకొస్తాయి. సముద్రం ఇంకా 30 కిలోమీటర్లు ఉందనగా నది రెండుగా చీలుతుంది. ఎడమ పాయ శాన్ హువాన్ పేరుతోనే గ్రేటౌన్ వైపు పోతుంది. కుడి పాయ పేరు కొలరాడో, అది పూర్తిగా కోస్టారికాలో ఉంది. 19వ శతాబ్దం మధ్యలో నీళ్లు కొలరాడో వైపు మళ్లడం పెరిగింది. ఇప్పుడు పదింట తొమ్మిది వంతులు అటే పోతున్నాయి. ఎడమ పాయలో ప్రవాహం నీరసించగానే తెచ్చిన ఇసుక మధ్యలోనే కూర్చుంది. బయటి నుంచి అలలు ఒడ్డు వెంబడి ఇసుక తెచ్చి రేవు నోరు మూసేశాయి. 1850ల్లో సముద్రపు ఓడలు లంగరు వేసిన చోటు పదేళ్లు తిరిగేసరికి మడుగులా మారింది.

1890 ప్రాంతంలో ఒక అమెరికన్ కాలువ కంపెనీ అక్కడే పూడిక తీసే డ్రెడ్జర్లు దించి, సముద్రంలోకి అడ్డుగోడ కట్టి తవ్వడం మొదలుపెట్టింది. 1893లో డబ్బు అయిపోయి ఆపేసింది. అప్పటి డ్రెడ్జర్ ఒకటి ఆ మడుగులో తుప్పు పట్టి మిగిలింది. మీలాంటివాళ్లు గమనించాల్సింది ఒకటుంది. నోటి దగ్గర ఎంత తవ్వినా, పైన పాయ చీలే చోట నీటి వాటా మారకపోతే ఆ తవ్వకం నిలవదు. అలల ఇసుక మళ్లీ వచ్చి చేరుతుంది.

మా కుప్పం పక్క పాలారు కోసం మూడు రాష్ట్రాలు కొట్లాడుకుంటున్నాయి. ఒక నదిలో నీళ్లు ఒక దేశానివి, గట్టు ఇంకో దేశానిది అంటే అదెట్లా కుదురుతుంది సార్? (కుప్పం)

1858 నాటి కాన్యాస్-హెరెస్ ఒప్పందం అలా కుదిర్చింది. ఎల్ కాస్తీయో కోటకు మూడు ఇంగ్లిష్ మైళ్ల దిగువన ఒక గుర్తు ఉంది. అక్కడికి పైన రెండు గట్లూ నికరాగ్వావే. అక్కడి నుంచి సముద్రం దాకా కుడి గట్టు కోస్టారికాది. నీళ్లు మాత్రం ఆ గట్టు అంచు వరకూ నికరాగ్వావి. బదులుగా వ్యాపారం కోసం పడవలు నడుపుకునే హక్కు కోస్టారికాకు శాశ్వతంగా దక్కింది. పాలారుతో పోల్చి చూస్తే దారి తప్పుతాం. శాన్ హువాన్ గొడవ నీటి వాటాల మీద కాదు, పడవల మీద.

'వ్యాపారం' అంటే సరుకులేనా, టూరిస్టులు కూడానా అన్నది హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం దాకా పోయింది. 2009 తీర్పు సారాంశం ఇది: టూరిస్టుల్ని ఎక్కించుకుపోవచ్చు, వాళ్ల దగ్గర నికరాగ్వా వీసా అడగకూడదు. పడవలు ఆగి తనిఖీ చేయించుకోవాలని నికరాగ్వా నిబంధన పెట్టవచ్చు. కోస్టారికా పోలీసు పడవలకు ఆ హక్కు లేదు. కుడి గట్టు మీద ఉండేవాళ్లు పొట్టకూటికి గట్టు నుంచి చేపలు పట్టుకోవచ్చు.

మరుసటి ఏడాదే నికరాగ్వా తన పాయలో పూడిక తీస్తూ, సముద్రం దగ్గర ఒక చిత్తడి నేలలో కొత్త కాలువ తవ్వింది. అప్పటి గూగుల్ మ్యాప్స్ ఆ నేలను నికరాగ్వాదిగా చూపించడంతో రచ్చ ముదిరింది. ఆ మూడు చదరపు కిలోమీటర్లు కోస్టారికావేనని 2015లో కోర్టు తేల్చింది. కుడి గట్టు వెంట రోడ్డు వేసేటప్పుడు పర్యావరణ అంచనా చేయనందుకు అదే తీర్పులో కోస్టారికాకూ అక్షింతలు పడ్డాయి. 2018లో నికరాగ్వా చెల్లించాలన్న పరిహారం దాదాపు 3.79 లక్షల డాలర్లు. అంతర్జాతీయ కేసుల్లో ఇది చిల్లర కిందే లెక్క.

చైనావాళ్లు అక్కడ కాలువ తవ్వుతున్నారని విన్నాం. ఎంతవరకు వచ్చింది? (నగరి)

రాలేదు. 2013లో హాంకాంగ్ కంపెనీ ఒకదానికి హక్కులిచ్చారు, 2014 డిసెంబరులో కొబ్బరికాయ కొట్టారు, 2024 మేలో ఆ హక్కుల్నే రద్దు చేశారు. పైగా ఆ ప్రణాళిక శాన్ హువాన్ నదిని వాడుకోలేదు, సరస్సుకు తూర్పున వేరే దారి పట్టింది.

ఎల్ కాస్తీయో కోటను అంత అడవిలో ఎందుకు కట్టారు? (చంద్రగిరి)

అడవి కోసం కాదు, రాళ్ల కోసం. సముద్రపు దొంగలు 1665లో ఈ నది మీదుగానే సరస్సుకు ఎక్కి గ్రనాడా నగరాన్ని దోచారు. 1670లో మళ్లీ వచ్చారు. దాంతో స్పెయిన్ 1673–75 మధ్య ఈ కోట కట్టింది. ఎవరి పడవైనా వేగం తగ్గించి ఒడ్డుకు ఒరగాల్సిన చోటు అదే కాబట్టి కొండ మీద కొద్ది ఫిరంగులు చాలు. 1762లో బ్రిటిష్‌వాళ్లు, కరీబియన్ తీరపు ఆదివాసులైన మిస్కీటోలు కలిసి వచ్చేసరికి కోట అధికారి అప్పుడే చనిపోయి ఉన్నాడు. పంతొమ్మిదేళ్ల ఆయన కూతురు రఫాయెలా హెరేరా ఫిరంగి అందుకుని నిలబెట్టింది.

1780లో మాత్రం కోట పడిపోయింది. పట్టుకున్నది బ్రిటిష్ దండు, తర్వాత పేరుమోసిన నౌకాదళాధిపతి నెల్సన్ ఇరవై ఒక్క ఏళ్ల వయసులో అందులో ఉన్నాడు. దెబ్బతీసింది ఫిరంగులు కాదు, దాహం. లోపల నీళ్లు అయిపోయి ఏప్రిల్ 29న స్పెయిన్‌వాళ్లు లొంగిపోయారు. గెలిచినవాళ్ల గతి ఇంకా ఘోరం. దండు ఆలస్యంగా బయలుదేరింది, ఏప్రిల్‌లోనే వానలు పట్టుకున్నాయి. జ్వరాలు, రక్త విరేచనాలతో దండులోకి పంపిన పద్దెనిమిది వందల మందిలో నాలుగు వందల లోపే మిగిలారు. నెల్సన్‌ను జబ్బుతో ముందే వెనక్కి పంపారు కాబట్టి బతికాడు. 1781 మొదట్లో కోట వదిలేసి పోయారు.

మంచినీటి సరస్సులో సొరచేపలు ఉండటం సాధ్యమేనా? (మత్స్య విద్యార్థి, తిరుపతి)

అవి బుల్ షార్కులు. వేరే జాతి అనుకుని 1877లో వేరే శాస్త్రీయ నామం పెట్టారు, 1960ల్లో సముద్రపు బుల్ షార్కే అని తేల్చారు. తర్వాత జీవశాస్త్రవేత్త థామస్ థోర్సన్ ట్యాగులు వేసి వదిలితే, సరస్సులో ట్యాగు వేసినవి సముద్రంలో, సముద్రంలో వేసినవి సరస్సులో దొరికాయి. ఎదురు ప్రవాహంలో రాళ్లు దాటి పైకి రావడానికి కొన్నింటికి ఏడు నుంచి పదకొండు రోజులు పట్టింది. సొరచేప రక్తంలో యూరియాను నిలవ ఉంచుకుంటుంది. ఉప్పునీటిలో ఒంట్లో నీరు బయటికి పోకుండా అదే కాపాడుతుంది. మంచినీటిలోకి వస్తే ఇబ్బంది తలకిందులై, నీరు లోపలికి చొరబడుతుంది. బుల్ షార్క్ యూరియాను బాగా తగ్గించుకుని, పలచటి మూత్రం ఎక్కువగా వదిలి నెట్టుకొస్తుంది. రెక్కల కోసం విపరీతంగా పట్టడంతో 1970ల తర్వాత వాటి సంఖ్య బాగా పడిపోయింది. రంపం లాంటి ముక్కున్న సాఫిష్ గతీ అంతే.

అంత వాన పడే చోట ఏం పండిస్తారు? (రైతు, మదనపల్లె)

సముద్రం వైపు ఏడాదికి 5,000 మిల్లీమీటర్లు దాటుతుంది. శాన్ కార్లోస్ ఊళ్లో దాదాపు 2,000. మీ టమోటా అక్కడ తెగుళ్లకు బలైపోతుంది. ఎర్రటి ఆమ్ల నేలలు కావడంతో అడవి కొట్టిన నేల బలం రెండు మూడు కార్లకే వానలో కొట్టుకుపోతుంది. ఆ తర్వాత అది పశువుల బీడు అవుతుంది. ఈ నది పక్క అడవి తరిగిపోవడానికి ముఖ్య కారణం ఇదే. కోకో, ఆయిల్ పామ్ ఉన్నాయి. అడవి నీడలో పెరిగే ఇపికాక్ వేరును మందుల కోసం తవ్వేవాళ్లు.

మీరు చూడదగ్గది బీన్స్ సాగు. మధ్య అమెరికా తడి ప్రాంతాల్లో దున్నకుండా చేసే పద్ధతి ఒకటుంది. వెడల్పాకుల కలుపు ఏపుగా ఎదిగిన బీడును ఎంచుకుంటారు. గడ్డి ఉన్న నేల పనికిరాదు, నరికినా మళ్లీ లేస్తుంది. లోపలికి నడిచే దారులు మాత్రం కొట్టుకుని, నిలబడి ఉన్న కలుపులోనే విత్తనం చల్లుతారు. తర్వాత కత్తులతో కలుపంతా నరికి, ముక్కలు చేసి విత్తనం మీదే పరుస్తారు. తగలబెట్టరు. మొలక ఆ పొరలోంచి పైకి వస్తుంది. మళ్లీ కోతకే చేలోకి పోతారు. వాన చినుకు మట్టిని ఆకుల మీదికి చిమ్మడం వల్ల వచ్చే ఆకుమాడు తెగులును ఆ పొర అడ్డుకుంటుంది. పొర మరీ మందంగా పడితే మొలక ఊపిరాడక చస్తుంది. తడి పొరలో నత్తలు కూడా చేరతాయి. ఈ పంటను ఎక్కువగా నవంబరు, డిసెంబరు నెలల్లో వేస్తారు, వానలు కాస్త తగ్గాక ఫిబ్రవరి, మార్చిలో కోస్తారు.

చూసి రావాలంటే? (తిరుపతి)

రాజధాని మనాగ్వా నుంచి శాన్ కార్లోస్ దాకా దాదాపు 300 కిలోమీటర్లు బస్సు ఉంది. ఆపైన పడవే. ఎల్ కాస్తీయోకు వేగం పడవలో గంటన్నర, రెండు గంటలు. నది చివరి ఊరు శాన్ హువాన్ దె నికరాగ్వా చేరాలంటే దాదాపు పగలంతా పడుతుంది, వారానికి కొన్ని రోజులే పడవలుంటాయి. మార్చి, ఏప్రిల్‌లో నీళ్లు తగ్గి రాళ్లు పైకి తేలతాయి కాబట్టి ప్రయాణం ఇంకా నెమ్మదిస్తుంది. పెట్టెను ప్లాస్టిక్ సంచిలో కట్టుకోండి. దోమతెర, దోమల మందు తప్పనిసరి. దారిలో పనామాలో ఆగేట్టయితే ఎల్లో ఫీవర్ టీకా కనీసం పది రోజుల ముందే వేయించుకుని, పసుపు కార్డు దగ్గర పెట్టుకోండి. తిరిగొచ్చేటప్పుడు మన విమానాశ్రయంలో అడుగుతారు.