చిన్నీ, ఆ కుంకుమ భరిణె వద్దు

చిన్నీ,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. శ్రావణంలో మణికొండ ఇంట్లోనే చీరలు పరిచి అమ్ముతావట, దసరాకి మీ అపార్ట్‌మెంట్ల మేళాలో స్టాల్ కూడా పెడతావట. విన్నప్పటి నుంచి కాలు ఒక చోట నిలవడం లేదు. గద్వాల చీరలో నూలు ఒంటికి పట్టు అంచు ఎలా కలుపుతారో నీకు పదేళ్లప్పుడు ఒళ్లో కూర్చోబెట్టుకుని చూపించాను. అది నీకు గుర్తుందని మీ అమ్మ చెబితే కళ్లు చెమర్చాయి బిడ్డా. చీరల గురించి నేను నీకు చెప్పాల్సిందేమీ లేదు. కానీ వచ్చినవాళ్లకి లక్కీ డ్రా తీసి మొదటి బహుమతి వెండి కుంకుమ భరిణె ఇస్తానన్నావట. రాత్రంతా నిద్ర పట్టలేదు.

ముందు మామూలు సంగతులు. బహుమతులు బేగంబజార్‌లో కొను, డజను లెక్కన తీసుకుంటే ధర తగ్గిస్తారు. గాజు సామాను వద్దు, మెట్రోలో నిలబడి వెళ్లేవాళ్లు ఎలా పట్టుకెళతారు? మిఠాయి వద్దు, సగం ఇళ్లలో షుగరు ఉంది. ఒకే బహుమతికి ఐదు వేలు పెట్టేకంటే ఐదు వందలవి పది పెట్టు.

ఇక భరిణె సంగతి. 1997 శ్రావణం. అప్పుడు మేం నల్లకుంటలో ఉండేవాళ్లం. ముందు గదిలో జంపఖానా పరిచి నారాయణపేట చీరలు పెట్టాను. వరలక్ష్మీ వ్రతానికి ముందు వారం కదా అని, పళ్లెంలో కుంకుమ భరిణె, డజను గాజులు, పసుపు పెట్టి అదే బహుమతి అన్నాను. చూడ్డానికి ఎంత కళగా ఉందో! గుమ్మం దగ్గర స్టీలు డబ్బా పెట్టి, వచ్చిన ప్రతి ఒక్కరినీ పేరు రాసి అందులో వెయ్యమన్నాను. పక్క సందులో ఒక టీచరమ్మ ఉండేది. భర్త పోయి రెండేళ్లు. డబ్బా దగ్గర ఆగి, పళ్లెం వైపు చూసి, లోపలికి వెళ్లబోయింది. నేనే పిలిచి పెన్ను చేతికిచ్చి, "రాయండి టీచరమ్మా, మీరు రాయకపోతే ఎట్లా" అన్నాను. ఆమె ఎందుకు ఆగిందో నాకు తట్టనే లేదు.

ఎవరో చంటిపిల్ల చేత చీటీ తీయించాం. నేను విప్పి గట్టిగా చదివాను. బోర్డు మీద రాసినట్టు గుండ్రంగా, ఒత్తులతో సహా విడివిడిగా రాసిన పేరు. చదివాక గానీ ఏం చదివానో అర్థం కాలేదు. అప్పటిదాకా సందడిగా ఉన్న గదిలో ఒక్కరూ మాట్లాడలేదు. వెనక నుంచి ఎవరో "ఇంకో చీటీ తియ్యండి" అన్నారు. నేను తీయించాను. అదీ నేను చేసిన తప్పు. ఆమె పేరు వచ్చింది కాబట్టి అది ఆమెది. ఆ పళ్లెం తీసుకెళ్లి ఆమె చేతిలో పెట్టాల్సింది. పెట్టలేదు. టీచరమ్మ లేచొచ్చి తన చీటీ తీసుకుని, రెండు మడతలు పెట్టి పర్సులో వేసుకుంది. బూడిద రంగు చీర ఒకటి తీసుకుని డబ్బు లెక్కపెట్టి ఇచ్చింది, కాఫీ తాగకుండా వెళ్లిపోయింది. రెండో చీటీ ఎవరికి వచ్చిందో నాకు ఇప్పుడు గుర్తు కూడా లేదు.

ఎనిమిది రోజులు వాళ్ల ఇంటి వైపు వెళ్లలేకపోయాను. తొమ్మిదో రోజు వెళ్తే టీ ఇచ్చింది, పిల్లల పరీక్షల గురించి మాట్లాడింది. ఆ మాట ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. తర్వాత దారిలో కనపడితే పలకరించేది గానీ మా ఇంటికి మాత్రం మళ్లీ రాలేదు.

నీ దగ్గరికి వచ్చేవాళ్లని ఒక్కసారి తలుచుకో. మీ ఎదురు ఫ్లాట్లో ముస్లిం అమ్మాయి ఉంది. మీ ఆఫీసులో పెళ్లి వద్దనుకున్న ఆవిడ ఉంది. అన్నిటికంటే ముందు మీ అమ్మ ఉంది. మీ నాన్న పోయాక ఆమె నలుగురిలోకి రావడం ఈ మధ్యే మొదలుపెట్టింది. ఫోన్లో ఆ భరిణె నగిషీ గురించి ఎంత మురిపెంగా చెప్పిందో! ఆమె పేరు కూడా ఆ డబ్బాలో పడుతుంది కదమ్మా. ఈపాటి ఆలోచన లేకుండా ఎట్లా అనుకున్నావే? కోప్పడుతున్నాననుకోకు. నాకూ నీ వయసులో తట్టలేదు.

ఎవరి చేతిలో పెట్టినా వాళ్లకి పనికొచ్చేది ఎంచుకో. పోచంపల్లి ఇక్కత్ దిండు గలీబులు, చీర మడిచి పెట్టుకునే నూలు సంచి. అన్నిటికంటే మంచిది, ఫాల్, పీకో ఉచితం అని రాసిన చీటీ. పెద్దగా ఖర్చు ఉండదు. చీర ఇవ్వడానికి ఒకసారి, తీసుకోవడానికి ఒకసారి నీ గుమ్మం ఎక్కుతారు, కొత్తగా వచ్చినవీ చూస్తారు. దాని ఖరీదు మాత్రం చీర ధరలో కలిపి ఉచితం అనకు.

స్టాల్ దగ్గర సంగతి వేరు. నాంపల్లి నుమాయిష్‌లో రెండేళ్లు మా మరిది స్టాల్లో కూర్చున్నాను. పక్క స్టాల్ వాళ్లు కలర్ టీవీ బహుమతి అని డబ్బా ఎదురుగా పెట్టారు. జనం విరగబడి చీటీలు రాశారు, సరుకు వైపు చూసినవాళ్లు లేరు. ఎవరికి వచ్చిందో చివరిదాకా చెప్పలేదు. అడగడానికి వచ్చినవాళ్లు మా దగ్గరా నిలబడి నిష్టూరాలాడి వెళ్లారు. అట్లా ఫలితం దాచడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కూడా తప్పే. నువ్వు సాయంత్రం ఎన్నింటికి తీస్తావో ముందే బోర్డు మీద రాయి, అందరి ముందు తియ్యి, గెలిచినవాళ్ల పేరు మర్నాడు కూడా అక్కడే ఉంచు. ఆడవాళ్ల ఫోన్ నంబర్లున్న చీటీలు చెత్తబుట్టలో పడెయ్యకు, ఇంటికి తెచ్చి చించెయ్. ఈ ఒక్కటి నామీద ఒట్టు.

భరిణె కొనేసి ఉంటే నీ పూజ గదిలో పెట్టుకో. ఆ స్టీలు డబ్బా ఇంకా నా దగ్గరే ఉంది, తోమి తెస్తాను. మొదటి చీటీ మీ అమ్మ చేత రాయించు. బూడిద రంగు నారాయణపేట ఉంటే ఒకటి నాకోసం పక్కన పెట్టు, డబ్బు ఇచ్చే తీసుకుంటాను.

మీ పెద్దమ్మ