వాయిస్‌మెయిల్ బాధ్యత నీకిచ్చారట

చిరంజీవి చిన్నాకు పిన్ని ఆశీస్సులు.

ఆఫీసులో ఫోన్ల సర్వర్ నీ మీద పడిందనీ, అందులో వాయిస్‌మెయిల్ అంటేనే నీకు టెన్షన్‌గా ఉందనీ అక్కయ్య చెప్పింది. నువ్వు పంపిన ఫొటోలో ఉన్నది ఫ్రీపీబీఎక్స్, అంటే ఆఫీసు ఫోన్లను బ్రౌజర్లో సెట్ చేసుకునే తెర. లోపల నడిచేది ఆస్టరిస్క్, కాల్స్ కలిపే అసలు సాఫ్ట్‌వేర్. నేను ఉద్యోగంలో చాలాకాలం నడిపింది దాన్నే, కాబట్టి ధైర్యంగా చెప్పగలను.

మనవాళ్లకు వాయిస్‌మెయిల్ అలవాటు లేదు. ఫోన్ ఎత్తకపోతే మళ్లీ చేస్తాం, లేదంటే వాట్సాప్‌లో వాయిస్ నోట్ పంపుతాం. మీ క్లయింట్లు అమెరికావాళ్లు కదా, వాళ్ల సంగతి వేరు. బీప్ వినగానే పేరు, నంబరు, పని చెప్పేసి పెట్టేస్తారు. చెప్పాం కాబట్టి మీకు అందినట్టే లెక్క. ఆ మాట ఎవరో ఒకరి చెవిన పడిందా లేదా అని చూడటమే నీ ఉద్యోగం, మిగతాదంతా దానికోసమే.

అందుకని ముందు సెట్టింగుల జోలికి పోకు. ఆస్టరిస్క్ కన్సోల్‌లో, అంటే కమాండ్లు టైప్ చేసే తెరలో, ‘వాయిస్‌మెయిల్ షో యూజర్స్’ కొట్టు. ఎవరి పెట్టె (ఒక్కొక్కరి మెసేజ్‌లు దాచే చోటు), ఏ నంబరు, వినని మెసేజ్‌లు ఎన్ని అన్నీ వరసగా వస్తాయి. ప్రింట్ తీసుకుని సీటు సీటుకీ తిరుగు. మెసేజ్‌లు గుట్టపడిన పెట్టె కనిపిస్తే దాని యజమాని ఉద్యోగం మానేసి ఉంటాడు, లేదా పిన్ మరిచిపోయి అడగడానికి మొహమాటపడుతుంటాడు. మానేసినవాళ్ల పెట్టెను వెంటనే తీసేయకు. మేనేజర్ అనుమతితో మెసేజ్‌లు ఎవరు వినాలో తేల్చి, ఆ నంబరుకొచ్చే కాల్స్ ఇంకొకరికి మళ్లించి, ఆ తర్వాతే మూసెయ్. సేల్స్, అకౌంట్స్ లాంటి ఉమ్మడి పెట్టెలతోనే అసలు తలనొప్పి. అందరూ వింటారని ఎవరూ వినరు. ఒక్కో పెట్టె వినాల్సిన మనిషి పేరు రాయించు, ఆ మనిషి సెలవు పెడితే చూసేవారి పేరు కూడా. మామూలుగా ఒక్కో ఫోల్డర్‌లో 100 మెసేజ్‌లే పడతాయి. అది నిండితే ఫోన్ చేసినవాళ్లకు పెట్టె నిండిందని వినిపిస్తుంది, అంతే. మీకు మాత్రం ఏమీ తెలియదు.

మెసేజ్‌ను ఈమెయిల్‌కి పంపే సదుపాయం మంచిదే, పెట్టు. కానీ పంపగానే సర్వర్‌లోంచి చెరిపేసే ‘డిలీట్’ ఆప్షన్ ఒకటుంది. అది ఆన్‌లో ఉంటే, ఈమెయిల్ చేరినా చేరకపోయినా ఇక్కడి కాపీ పోతుంది. మీ సర్వర్ పంపే మెయిల్‌ను అవతలివాళ్లు స్పామ్‌లో పడేసినా, అసలు తిప్పికొట్టినా ఆ క్లయింట్ మాట గాలికి పోయినట్టే. నన్నడిగితే దాన్ని ఎప్పటికీ ముట్టుకోవద్దంటాను. డిస్క్ నిండుతుందని భయపడకు. మెసేజ్ రికార్డింగ్ వేవ్ ఫైలైతే నిమిషానికి సుమారు ఒక ఎంబీ, బాగా కుదించిన జీఎస్ఎం రకమైతే అందులో పదోవంతు.

డిస్క్ ఖాళీ చేద్దామని ఫోల్డర్‌లోకి వెళ్లి ఫైళ్లను చేత్తో చెరపకు. సర్వర్‌కు ఆ సంగతి తెలియక, ఫోన్ మీద ఎర్ర లైటు అలాగే వెలుగుతూ ఉంటుంది. ‘మెసేజ్ లేదు, లైటు మాత్రం ఆరడం లేదు’ అని రోజంతా నీకు ఫోన్లు.

పిన్‌ల విషయంలో మాత్రం గట్టిగా ఉండు, ఎవరేమనుకున్నా సరే. ఎక్స్‌టెన్షన్ నంబరునే (ఆఫీసులో ఒక్కో ఫోన్‌కి ఇచ్చే లోపలి నంబరు) పిన్‌గా పెట్టడం చాలా ఆఫీసుల్లో ఆనవాయితీ. బ్రిటన్‌లో న్యూస్ ఆఫ్ ది వరల్డ్ అనే పత్రిక 2011లో మూతపడింది కదా, ఆ పత్రిక తరఫున పనిచేసినవాళ్లు మార్చని డిఫాల్ట్ పిన్‌లతో జనం వాయిస్‌మెయిల్‌లోకి దూరిన గొడవే అది. నీకు ఇంకో ముప్పు కూడా ఉంది. పెట్టెలోంచే బయటికి కాల్ చేసే ‘డయలౌట్’, ‘కాల్‌బ్యాక్’ ఆన్‌లో ఉంటే, పిన్ ఊహించినవాడు మీ బిల్లు మీద విదేశాలకు మాట్లాడుకుంటాడు. రెండూ ఆపెయ్. మరో మాట: యూజర్ ఫోన్‌లో పిన్ మార్చుకుంటే మామూలుగా అది నేరుగా వాయిస్‌మెయిల్ కాన్ఫిగ్ ఫైల్లోనే, అంటే సెట్టింగులన్నీ రాసి ఉండే ఫైల్లోనే, పడుతుంది. పాత కాపీ దగ్గర పెట్టుకుని, దిద్ది, మళ్లీ ఎక్కించావో, అందరి కొత్త పిన్‌లూ ఎగిరిపోతాయి.

టైమ్ సంగతి. మెసేజ్ ఎప్పుడొచ్చిందో యంత్రం చదివి వినిపిస్తుంది. అమెరికాలో కూర్చున్న మీవాళ్లకు అది మన టైమ్‌లో వినిపిస్తే ప్రయోజనం లేదు, ఒక్కో పెట్టెకు వేరే టైమ్‌జోన్ ఇవ్వొచ్చు. గంటల తేడా లెక్కకట్టి పెట్టకు, ఊరి పేరుతో ఉన్న జోన్ ఇవ్వు. లేకపోతే మార్చిలో, నవంబరులో వాళ్లు గడియారం మార్చినప్పుడల్లా నీకు పనే.

బీప్‌కి ముందు ఫోన్ చేసినవాళ్లకు వినిపించే గ్రీటింగ్ ఎవరిది వాళ్లే రికార్డ్ చేసుకోవాలి. పేరు నిదానంగా, ఆఫీసు వేళలు ఏ టైమ్‌లోనో స్పష్టంగా చెప్పమను. పొడుగు ఉపన్యాసాలు వద్దు. సెలవుల కోసం పెట్టే తాత్కాలిక గ్రీటింగ్ మిగతావాటిని పక్కకి నెట్టి అదే వినిపిస్తుంది. సంక్రాంతికి పెట్టినది ఉగాదికీ అలాగే ఉంటుంది, మనవాళ్ల సంగతి తెలుసుగా. ‘టెంప్‌గ్రీట్‌వార్న్’ అనే సెట్టింగ్ ఆన్ చేస్తే పెట్టె తెరిచినప్పుడల్లా అదే గుర్తుచేస్తుంది. గ్రీటింగ్‌లో మనిషితో మాట్లాడాలంటే సున్నా నొక్కమని చెబితే, ఆ సున్నా ఎక్కడ మోగుతుందో నువ్వే బయటినుంచి ఫోన్ చేసి చూడు.

బ్యాకప్‌లో కాన్ఫిగ్ ఫైల్‌తో పాటు స్పూల్‌లోని (సర్వర్ రికార్డింగులు దాచే చోటు) వాయిస్‌మెయిల్ ఫోల్డర్ కూడా ఉండాలి. గ్రీటింగ్‌లూ అందులోనే ఉంటాయి. అవి పోతే ఆఫీసంతా మళ్లీ రికార్డ్ చేయాలి, తిట్లు నీకే.

లాగ్‌లో, అంటే సర్వర్ చేసిన పనులు రాసుకునే ఫైల్లో, ఏదైనా అర్థం కాకపోతే ఆ లైన్లు కాపీ చేసి పంపు. వాయిస్ నోట్ మాత్రం పెట్టకు, నేను వినను.

మీ పిన్ని