బైబిల్లో చీట్లు వేశారు కాబట్టి లాటరీ తప్పు కాదంటారా?

"అపొస్తలులే చీట్లు వేసి యూదా ఇస్కరియోతు స్థానంలోకి మత్తీయను ఎంచుకున్నారు కదా, మరి లాటరీ టికెట్టు కొంటే పాపం ఎలా అవుతుంది" అని మీ స్నేహితుడు వాదిస్తున్నాడని రాశారు. రెండూ ఒకటి కానే కాదు బ్రదర్. ఇదే మాట గుంటూరులో డబ్బులు పెట్టి పేకాట ఆడేవాళ్ల నోట కూడా విన్నాను. విన్న ప్రతిసారీ ఒళ్లు మండుతుంది, ఎందుకంటే వాళ్లు అపొస్తలుల కార్యములు 1వ అధ్యాయంలో ఆఖరి వచనం ఒక్కటే పట్టుకుంటారు, దానికి ముందు ఏం జరిగిందో చూడరు.

మా తాతగారు పోయాక తెనాలి దగ్గర మా ఊళ్లో పొలం పంపకాలు జరిగాయి. నాన్న, ఇద్దరు బాబాయిలు, మూడు వాటాలు. రోడ్డు పక్క ముక్కకు ధర ఎక్కువ, మధ్య ముక్కకు నీళ్లు బాగా అందుతాయి, చివరి ముక్కకు బోదె నీళ్లు చేరేసరికి పైవాళ్ల మడులన్నీ నిండాలి. పెద్దమనుషులు మా అరుగు మీద కూర్చుని రోడ్డు ముక్కలో కొన్ని సెంట్లు తగ్గించి చివరి ముక్కకు కలిపారు, అది చాలదని చిన్న బాబాయి, ఎక్కువైందని పెద్ద బాబాయి, మధ్యలో సర్వేయరు గొలుసు పట్టుకుని మళ్లీ పొలానికి పోవడం. పొద్దున మొదలైనది భోజనాల వేళకు గానీ తేలలేదు. ముగ్గురూ "ఏ ముక్క వచ్చినా నాకు సమ్మతమే" అన్నాకే నోటుపుస్తకంలో కాగితం చించి మూడు చీట్లు రాసి, ఒకేలా మడిచి, స్టీలు చెంబులో వేసి కుదిపారు. ఇంకా అక్షరాలు రాని మా చెల్లి చేత తీయించారు. చివరి ముక్క చిన్న బాబాయికే వచ్చింది. ముఖం చిన్నబోయింది గానీ నోరెత్తలేదు, ఆ ముక్కకు సెంట్లు కలపాలని పట్టుబట్టింది ఆయనే కదా.

యెహోషువ 18వ అధ్యాయం తీసి చూడండి, అచ్చం ఇదే పద్ధతి. స్వాస్థ్యం, అంటే తమ వంతు భూమి, రాని ఇశ్రాయేలు గోత్రాలు ఇంకా ఏడు ఉన్నాయి. గోత్రానికి ముగ్గురు చొప్పున మనుషులు వెళ్లి దేశమంతా తిరిగి, ఏడు భాగాలుగా పుస్తకంలో రాసుకుని వచ్చాకే షిలోహులో చీట్లు పడ్డాయి. మత్తీయ విషయంలోనూ అంతే. యోహాను బాప్తిస్మం నాటి నుంచి యేసు ఆరోహణం వరకు వెంట ఉన్నవాడై ఉండాలని ముందే షరతు పెట్టారు, అలాంటివాళ్లలో బర్సబ్బా, మత్తీయ అనే ఇద్దరిని నిలబెట్టారు, ప్రార్థన చేశారు, ఆ తర్వాతే చీటి. మనుషులు చేయాల్సిన పనంతా చేశాక, పక్షపాతం అన్న మాట రాకుండా ఉండడానికి వేసినవి ఆ చీట్లు. "చీట్లు వేయుటచేత వివాదములు మానును" అని సామెతలు 18లో ఉన్నది కూడా ఇందుకే. మా బాబాయిలు ఈ రోజుకీ ఒకే బంతిలో కూర్చుని తింటారు.

అమరావతిలో భూములిచ్చిన రైతులకు ప్లాట్లు కంప్యూటర్ లాటరీలో కేటాయించారు కదా, దాన్ని ఎవరైనా జూదం అంటారా? ఏ ప్లాటు ఎవరికన్నదే తేలాలి, రావాల్సిన గజాలు ముందే ఖాయం. కానీ 2024 అక్టోబరులో మన రాష్ట్రంలో మద్యం షాపులకు తీసిన లాటరీ చూడండి. 3,396 షాపులు, దరఖాస్తుకు 2 లక్షలు, షాపు రాకపోతే ఆ డబ్బు తిరిగి రాదు. అలా దరఖాస్తుల మీదే దాదాపు 1,800 కోట్లు వచ్చాయి. అది నా దృష్టిలో పచ్చి జూదం, ప్రభుత్వమే నడిపినా సరే. మనం వాడే చీటీ ఒకటే అయినా, ఓడినవాడి డబ్బు పోయిందా లేదా అన్నదే అసలు లెక్క.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. మనవాళ్లలో కొందరు పెళ్లి సంబంధానికి "అవును", "కాదు" అని చీట్లు రాసి బైబిల్లో పెట్టి తీస్తారు. అబ్బాయి అలవాట్లేంటి, అప్పులేమైనా ఉన్నాయా అని ఒక్కరిని కూడా ఆరా తీయరు. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో తీసే వాగ్దానం కార్డు (కొత్త సంవత్సరానికని బైబిలు వచనం రాసిన కార్డు) నచ్చకపోతే లోపల పెట్టేసి ఇంకొకటి తీసుకునేవాళ్లనూ చూశాను. నచ్చింది వచ్చేదాకా తీస్తే అది దేవుణ్ణి అడగడం ఎలా అవుతుంది? పెంతెకొస్తు తర్వాత, అంటే పరిశుద్ధాత్మ దిగివచ్చాక, అపొస్తలులు మళ్లీ చీట్లు వేసినట్టు బైబిల్లో ఎక్కడా లేదు. అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయంలో సంఘంలో భోజనాల పంపకం చూడడానికి ఏడుగురిని ఎంచుకోవాల్సి వచ్చినప్పుడు మంచిపేరు, జ్ఞానం చూసి మనుషులే ఎంచుకున్నారు.

సిలువ కింద సైనికులు కుట్టులేని అంగీ కోసం చీట్లు వేశారు కదా అని కూడా మీవాడు అనవచ్చు. వాళ్లు వేసింది తమది కాని సొత్తు మీద, దాన్ని ఆదర్శంగా తీసుకుంటానంటే ఇక నేను చెప్పేదేం లేదు. మత్తీయ పేరే ఎత్తితే మాత్రం ఒక్కటి అడగండి: చీటి రాని బర్సబ్బా చేతిలోంచి ఆ రోజు ఏం పోయింది? ఎవరి డబ్బు మత్తీయ జేబులోకి వచ్చింది?