కొల్హాపురి చెప్పులు నల్లబడితే పాడైనట్టేనా?

ప్రశ్న: షోలాపూర్‌లో ఉండే మా మేనమామ దసరాకి కొల్హాపురి చెప్పులు తెచ్చిచ్చాడండీ. అప్పుడు లేత తేనె రంగులో భలే ఉండేవి, ఇప్పుడు మడమ దగ్గర, వేళ్లు ఆనేచోట నల్లగా మచ్చలు పడ్డాయి. ఉంగటం కూడా మొదట్లో బాగా కరిచింది. బ్రౌన్ పాలిష్ కొట్టిస్తే మళ్లీ కొత్తవాటిలా అవుతాయా?
– ఒక పాఠకుడు, నిజామాబాద్

జవాబు: పాలిష్ జోలికి మాత్రం పోకండి బాబూ! అసలు కొల్హాపురి తోలుని తుమ్మబెరడు, కరక్కాయలతో పదును చేస్తారు, ఆ వగరంతా తోల్లోకి దిగి ఉంటుంది కాబట్టి ఎండ తగిలినా, చెమటా కాలి జిడ్డూ పట్టినా రంగు ముదురుతుంది, ముందు కాలు ఆనేచోట మొదలై మెల్లగా మిగతాదీ అదే రంగుకి వచ్చేస్తుంది. అప్పుడిక మచ్చలు విడిగా కనపడవు, మడమ దగ్గర మీ కాలికి సరిపడా గుంట పడుతుంది, కరిచిన ఉంగటం కూడా సాగి మెత్తబడుతుంది. నన్నడిగితే కొత్తవాటికంటే ఇలా ముదిరినవే అందం.

ఒక్కసారి చెప్పు అడుగున ఉండే తోలు అట్ట అంచు చూడండి. కోసినచోట లోపలిదాకా గోధుమరంగే ఉంటే సరే, మధ్యలో బూడిద నీలం చార కనిపిస్తే అది క్రోమ్ తోలు, అంటే బెరడుతో కాక క్రోమియం రసాయనంతో పదును చేసింది, ఇంత అందంగా ముదరదు. రెక్సిన్ అయితే పెచ్చులూడటమే. 2019లో వీటికి జీఐ ట్యాగ్ (ఫలానా ప్రాంతపు సరుకని ఇచ్చే గుర్తింపు) ఇచ్చినప్పుడు మహారాష్ట్రలో నాలుగు, కర్ణాటకలో నాలుగు జిల్లాలు చేర్చారు, అందులో షోలాపూర్ కూడా ఉంది, అయినా ఊరు చూసి కాదు అంచు చూసి నమ్మండి.

భయపడాల్సింది నీళ్లకి. తడిస్తే కుట్టిన తోలు పోగు ఉబ్బి వదులై అట్ట పొరలు విడిపోతాయి, అలాగని ఎండలో పెట్టారో బిర్రబిగుసుకుపోయి అంచులు పైకి లేస్తాయి, న్యూస్‌పేపర్ పరిచి ఫ్యాన్ కింద వదిలేయండి చాలు. వానాకాలం బూజు పడితే పొడిగుడ్డతో తుడవండి, ప్లాస్టిక్ కవర్లో కట్టిపెట్టొద్దు. తోలు మరీ ఎండినట్టుంటే గుడ్డకి రెండు చుక్కలు ఆముదం రాసి రుద్దండి, రంగు ఇంకాస్త నల్లబడుతుంది, పర్లేదు. ఎక్కువ పోస్తే మాత్రం చెప్పు జావగారిపోయి దుమ్మంతా అంటుకుంటుంది.

ఎప్పుడైనా ఉంగటం ఊడితే చెప్పులు కుట్టేవాళ్ల దగ్గర తోలు పోగుతోనే కుట్టించుకోండి, మేకు మాత్రం కొట్టనివ్వకండి, అసలు కొల్హాపురిలో మేకే ఉండదు.