లిమిటెడ్ ఎడిషన్ కన్సోల్: సీలు విప్పాలా, వద్దా?

ప్రశ్న: మా తమ్ముడు లిమిటెడ్ ఎడిషన్ ప్లేస్టేషన్ 4 వీడియో గేమ్ కన్సోల్ ఒకటి సంపాదించి, సీలు కూడా విప్పకుండా బీరువాలో దాచాడు. లోపలి యంత్రం మామూలుదేనని వాడే ఒప్పుకుంటున్నాడు. మరి అంత మోజు దేనికి? అలా దాచి ఉంచడం మంచిదేనా?

జవాబు: లోపలి యంత్రం గురించి మీ తమ్ముడు చెప్పింది చాలావరకు నిజం. ఇటువంటి కన్సోళ్లలో సాధారణంగా మారేది పైభాగం రంగు, దాని మీది ముద్రలు, పెట్టె. ప్రాసెసర్ గానీ, ఆట నడిచే వేగం గానీ మారవు. 2018లో '500 మిలియన్' అనే పేరుతో 50,000 మాత్రమే విడుదలైన ప్లేస్టేషన్ 4 ప్రోలో హార్డ్ డిస్కును రెండు టెరాబైట్లకు పెంచారు, కానీ ఆ మార్పు ఎవరైనా తమ కన్సోల్‌లో స్వయంగా చేసుకోగలిగినదే.

మోజుకు అసలు కారణం తెలియాలంటే 2014లో వచ్చిన ఇరవయ్యవ వార్షికోత్సవ ప్లేస్టేషన్ 4ను చూడాలి. తొలి ప్లేస్టేషన్ జపాన్‌లో 1994 డిసెంబర్ 3న విడుదలైంది కనుక, నెలనూ తేదీనీ కలిపి గుర్తుచేసేలా సరిగ్గా 12,300 కన్సోళ్లే తయారుచేసి, తొలి యంత్రపు బూడిద రంగు వేసి, ఒక్కొక్కదానికీ వరుస సంఖ్య ఇచ్చారు. ఆ రంగుతో బాల్యం గడిపినవారికి అదొక జ్ఞాపకం. సంఖ్య వల్ల తన చేతిలోనిది మరెవరి దగ్గరా లేదన్న తృప్తి దానికి తోడవుతుంది. ముప్పయ్యవ వార్షికోత్సవానికి, 2024లో, ప్లేస్టేషన్ 5 ప్రో విషయంలోనూ అదే లెక్క పాటించారు. అయితే అప్పుడే అదే రంగులో వచ్చిన ప్లేస్టేషన్ 5 డిజిటల్ ఎడిషన్‌కు వరుస సంఖ్య లేదు. 'లిమిటెడ్' అని ఏ కంపెనీ అయినా పెట్టె మీద అచ్చు వేయించుకోవచ్చు; ఎన్ని చేశారో చెప్పనివాటిని నేనైతే రంగు నచ్చితేనే కొంటాను, రేపు ధర పెరుగుతుందని మాత్రం కొనను.

ఇక దాచడం సంగతి. సీలు విప్పనిదానికి ఎక్కువ ధర పలుకుతుంది, చీకట్లో ఉంటే ప్లాస్టిక్ రంగు మారడమూ తగ్గుతుంది. కానీ కంట్రోలర్‌లోని లిథియం అయాన్ బ్యాటరీ వాడకపోయినా కొద్దికొద్దిగా ఖాళీ అవుతూ, ఏళ్ల తరబడి ఛార్జింగ్ లేకపోతే పూర్తిగా పాడవుతుంది, కొన్నిసార్లు ఉబ్బుతుంది కూడా. అమ్మే ఉద్దేశం ఉంటే ఆ నష్టానికి సిద్ధపడి, పెట్టెను తేమా వేడీ తగలని చోట ఉంచాలి. తన దగ్గరే ఉంచుకునేదైతే సీలు విప్పి, బ్యాటరీని కొన్ని నెలలకోసారి సగం దాకా ఛార్జ్ చేస్తూ, పెట్టెనూ లోపలి కాగితాలనూ భద్రపరచడం మేలు. ఆడుకోమనే నా సలహా.

ప్రశ్న: ఇటువంటి కన్సోల్‌ను ఇతరుల నుంచి కొనేటప్పుడు ఏమి చూడాలి?

జవాబు: పెట్టె మీది సీరియల్ నంబరు, యంత్రం మీది నంబరు ఒకటేనా అని ముందుగా చూడండి. పైభాగాలు విడిగా దొరుకుతాయి కనుక, మామూలు కన్సోల్‌కు ప్రత్యేక ఎడిషన్ తొడుగు బిగించి అమ్మడం అసాధ్యమేమీ కాదు.