ఫిబ్రవరి కుకీలు ఒక్కరే చేసుకోకండి

ప్రశ్న: అక్టోబరులో అమెరికా వచ్చాను, మా వారి ఉద్యోగ వీసా మీద నాకిచ్చిన హెచ్-4 వీసాతో. వాలెంటైన్స్ డేకి హార్ట్ ఆకారంలో షుగర్ కుకీలు చేసి, పైన ఐసింగ్ వేసి మా వారికి ఇవ్వాలని ఉంది. మొన్న చేస్తే ఆకారాలు పాకిపోయాయి, ఎరుపు రంగు చేదెక్కింది. పగలంతా ఒక్కదాన్నే ఉంటాను కాబట్టి టైముకి లోటు లేదు. బాగా వస్తే అమ్ముకోవచ్చా?

జవాబు: తల్లీ, కుకీల సంగతి చెప్తాను. కానీ మీ ప్రశ్నలో నన్ను పట్టుకున్నది చివరి వాక్యానికి ముందున్న మాట. టైముకి లోటు లేదు అన్నారు చూశారా, సరిగ్గా అదే మాట నేనూ మా అమ్మకి ఫోన్‌లో చెప్పేదాన్ని.

నేను ఒహాయోకి వచ్చింది 2008 జనవరిలో. మా వారు సోమవారం తెల్లవారుజామున క్లయింట్ ఊరికి విమానమెక్కితే మళ్ళీ గురువారం రాత్రికి వచ్చేవారు. బయట మంచు, నాకు డ్రైవింగ్ రాదు. ఆ ఏడాది ఫిబ్రవరి 14 గురువారం పడింది. ఆయన వచ్చేసరికి కుకీలు సిద్ధంగా ఉంచాలనుకున్నాను. ఓవెన్ వాడటం అదే మొదటిసారి. అప్పటిదాకా అందులో మూకుళ్ళు, పెనాలు దాచుకునేదాన్ని. అవన్నీ తీసి, వేడి బాగా రావాలని బ్రాయిల్ నొక్కాను. బ్రాయిల్‌లో పై కడ్డీ ఒక్కటే ఎర్రగా కాలుతుందని, కుకీలకి కావలసింది బేక్ అని నాకు తెలియదు. దానికి తోడు ట్రేలో పరిచింది వాక్స్ పేపర్. పార్చ్‌మెంట్ పేపర్, వాక్స్ పేపర్ షాపులో పక్కపక్కనే ఉంటాయి, చూడటానికి ఒకేలా ఉంటాయి. మొదటిది ఓవెన్ వేడికి తట్టుకుంటుంది. రెండోదాని మీద మైనం కరిగి పొగలు కక్కుతుంది.

కక్కింది. స్మోక్ అలారం మొదలైంది. దాన్ని ఎలా ఆపాలో తెలియక హాల్లో నిలబడి ఏడ్చాను. అప్పుడు ఎదురింటి పెద్దావిడ కోటు వేసుకుని వచ్చి తలుపు కొట్టింది. కిటికీలు తెరిచింది, ఓవెన్ ఆపింది, తువ్వాలుతో అలారం కింద గాలి విసిరింది. నెల రోజులుగా మా తలుపులు ఎదురెదురుగానే ఉన్నాయి. ఆ రోజు వరకు ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు. మర్నాడు మధ్యాహ్నం తన కటర్లు, పార్చ్‌మెంట్ చుట్ట పట్టుకుని ఆవిడే మళ్ళీ వచ్చింది. నాకు వచ్చిన పనంతా ఆవిడ పక్కన నిలబడి నేర్చుకున్నదే. ఇప్పుడు మా ఇంట్లో ఏటా వంద కుకీలు అవుతాయి. మీకూ వస్తుంది.

మీ ఆకారాలు పాకిపోవడానికి కారణం దాదాపు ఖాయంగా వెన్న మెత్తబడటమే. బేకింగ్ పౌడర్ ఎక్కువైనా అలాగే పొంగి అంచులు పోతాయి. ఈ కొలత రాసుకోండి: వెన్న రెండు స్టిక్కులు, అంటే 226 గ్రాములు, చక్కెర ఒక కప్పు, గుడ్డు ఒకటి, వెనీలా, చిటికెడు ఉప్పు, మైదా మూడు కప్పులు. బేకింగ్ పౌడర్ అసలు వద్దు. మైదాని కప్పుతో సంచిలోంచి తోడకండి, స్పూనుతో నింపి పైన చదును చేయండి. అలా నింపితే కప్పు 120 గ్రాములు తూగుతుంది. తోడితే 150 కూడా దాటి పిండి పొడిపొడిగా పగులుతుంది. అప్పడాల కర్రతో పావు అంగుళం మందాన ఒత్తి, కోసిన ముక్కల్ని ట్రేతో సహా అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి. ఈ అరగంటే అసలు కిటుకు. తర్వాత 350 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో 9 నుంచి 11 నిమిషాలు. అంచు గట్టిపడి, మధ్య ఇంకా తెల్లగా ఉండగానే తీసేయాలి. ఎర్రబడేదాకా ఆగితే ఆలస్యమైనట్టే. పచ్చి పిండి రుచి చూడకండి. గుడ్డు మానేసినా సరే, పచ్చి మైదాలో కూడా క్రిములుంటాయి.

ఐసింగ్‌కి పచ్చి తెల్లసొన వాడొద్దు, మెరింగ్ పౌడర్ కొనండి. అది శుద్ధి చేసిన గుడ్డు తెల్లసొన పొడి, కాబట్టి శాకాహారులకి ఇచ్చేటప్పుడు చెప్పి ఇవ్వాలి. ఒక పౌండు పౌడర్డ్ షుగర్ జల్లించి, మూడు టేబుల్ స్పూన్ల మెరింగ్ పౌడర్, ఐదారు టేబుల్ స్పూన్ల గోరువెచ్చని నీళ్ళు పోసి గట్టిగా నిలబడేదాకా గిలక్కొట్టండి. గిన్నెకి జిడ్డు అంటితే అది నిలబడదు. ప్లాస్టిక్ గిన్నెలు జిడ్డు వదలవు, స్టీలుదే వాడండి. అంచు గీయడానికి అదే గట్టి ఐసింగ్ చాలు. లోపల నింపడానికి చుక్క చుక్క నీళ్ళు కలపాలి. చాకుతో గీత గీస్తే పదిహేను సెకన్లలో గీత కలిసిపోవాలి, అదే గుర్తు. గిన్నె మీద తడిగుడ్డ కప్పకపోతే పైన పెచ్చు కట్టి, ఐసింగ్ పిండే పైపింగ్ బ్యాగ్ మూతి మూసుకుపోతుంది.

ఎరుపు గురించి. చేదెక్కిందంటే రంగు ఎక్కువ పోశారన్నమాట. నేనూ మొదట ఒక సీసా మొత్తం పోసేశాను. జెల్ కలర్ తీసుకుని ముదురు గులాబీ వచ్చేదాకా మాత్రమే కలిపి, మూతపెట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దునకి అదే ముదురుతుంది. తెల్లదాని పక్కన ఎరుపు వేయాలంటే మొదటిది పూర్తిగా ఆరాలి, లేకపోతే రంగు పాకుతుంది. ఆరడానికి ఒక రాత్రి కావాలి. ఫ్రిజ్‌లో పెడితే చెమ్మకి పాడవుతాయి. ఒకదానిమీద ఒకటి పేర్చాలంటే 24 గంటలు ఆగాలి.

లెక్క వేసి చూడండి. 11న పిండి, రంగులు కలిపి ఉంచుకోవడం, 12న కాల్చి లోపల నింపడం, 13న పైన పేర్లు, చుక్కలు. మూడు రోజుల పని. ఈ మూడు రోజులూ ఒక్కరే, టీవీ పెట్టుకుని, సాయంత్రం ఆయన వచ్చేలోపు దాచిపెట్టాలన్న తొందరలో చేస్తారా? నేను రెండో ఏడు అలాగే చేశాను. పెద్దావిడ కూతురి దగ్గరికి వెళ్ళిందని ఇంకెవర్నీ పిలవలేదు. కుకీలు చాలా అందంగా వచ్చాయి. ఆయన అలసిపోయి వచ్చి, ఒకటి తిని, బాగుందని చెప్పి పడుకున్నారు. ఆయన తప్పేమీ లేదు. మూడు రోజులు మాట్లాడకుండా దాచుకున్న మాటలన్నీ ఆ ఒక్క మనిషి మీద, ఆ ఒక్క రాత్రి మీద పెట్టాను. ఆ ఫిబ్రవరి తలుచుకుంటే నాకిప్పటికీ కడుపులో తిప్పినట్టుంటుంది. మీ వయసువాళ్ళు వీడియో కాల్ ఉంది కదా, ఇంకేం ఒంటరితనం అంటారు. ఉంటుందమ్మా. కాల్ పెట్టేశాక గది ఇంకా నిశ్శబ్దంగా ఉంటుంది.

అమ్మకం గురించి ఒక్క మాట. ఈఏడీ, అంటే పని చేయడానికి ఇచ్చే అనుమతి కార్డు, లేకుండా హెచ్-4 మీద అమ్మకాలు వద్దు, కొద్దిగా అయినా సరే. అనుమతి ఉన్నా, ఇంట్లో చేసి అమ్మే ఆహారానికి ఒక్కో రాష్ట్రానిది ఒక్కో చట్టం. మీ రాష్ట్రం వెబ్‌సైట్‌లో చూసుకోండి. పిల్లలున్న స్నేహితురాళ్ళు స్కూలుకి పంపుతామంటే ముందు టీచర్ని అడగమనండి. అలర్జీల భయంతో చాలా స్కూళ్ళు ఇంట్లో చేసినవి తీసుకోవు.

అమ్మడానికి బదులు మనుషుల్ని పిలవండి. అంచు గీయడం మీరే చేయండి, నింపడం మాత్రం నలుగురు కూర్చుని చేసే పని. పైగా చెయ్యి ఆడుతుంటే భాష రాకపోయినా మాట సాగుతుంది. మీ ఊరి పబ్లిక్ లైబ్రరీకి వెళ్ళండి. చాలాచోట్ల ఉచితంగా ఇంగ్లిష్ మాట్లాడుకునే గుంపులుంటాయి. కొన్ని లైబ్రరీలు పుస్తకాల్లాగే కేక్ పాన్లు కూడా అరువిస్తాయి. అక్కడ పరిచయమైన ఇద్దరు చాలు. ఎవరూ దొరక్కపోతే మీ మెట్ల దగ్గరున్న తలుపు కొట్టండి. ఊరికే పరిచయం చేసుకోవడానికి మొహమాటమైతే, ఎరుపు ఐసింగ్ గిన్నె చేత్తో పట్టుకెళ్ళి, ఈ రంగు సరిపోతుందా అని అడగండి. సాయంత్రం ఆరింటికి వెళ్ళకండి, అది వాళ్ళ భోజనాల వేళ. మధ్యాహ్నం మూడింటికి వెళ్ళండి.